ఆఖరి పేజీలో పసుపు వేలు

ఇటు తిరిగి పడుకో. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొడతావుగా? నువ్వు ఊఁ కొట్టకపోతే కథ దారి తప్పి పక్కింటికి పోతుంది, తర్వాత నన్ననకు.

అనగనగా ఒక ఊళ్ళో, పల్లె అంటే పల్లె కాదు, పట్నమంటే పట్నం కాదు, రైలు ఆగీ ఆగనట్టు ఆగే ఊళ్ళో, నీలవేణి అని ఒక పిల్ల ఉండేది. పేరుకి తగ్గట్టు జడ మోకాళ్ళ దాకా. మనిషి మాత్రం గుప్పెడంత. తిన్నదంతా జడకే పోతోందని వాళ్ళ నాన్న నవ్వేవాడు.

వాళ్ళింట్లో ముగ్గురే. నాన్న పొద్దున్నే క్యారేజీ పట్టుకుని మిల్లుకి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. వేణి బడికి పోయేది. అప్పుడు ఇంట్లో వాళ్ళమ్మ ఒక్కతే ఉండేది. ఒక్కతీ ఏం చేసేదో వేణి ఎప్పుడూ అడగలేదు. అమ్మంటే ఇంట్లో ఉంటుంది, అంతే అనుకుంది. పిల్లలంతా అంతే అనుకుంటారు, నువ్వూ అంతే.

తల్లీకూతుళ్ళకి ఒక అలవాటుంది. సాయంత్రం వేణి వంటింటి గట్టెక్కి కూర్చుని కథల పుస్తకం పైకి చదివేది. అమ్మ కూర తరుగుతూ వినేది. ఒక పేజీ అవగానే అమ్మ చెయ్యి తుడుచుకుని పుస్తకం అందుకునేది, తర్వాతి పేజీ తను చదివేది. అలా ఒకరి తర్వాత ఒకరు. వాళ్ళ పుస్తకాలు చూస్తే ఏ రోజు ఏం వండారో చెప్పొచ్చు. ఒక చోట చింతపండు, ఒక చోట నెయ్యి, ఒక చోట ఆవపెట్టిన అరటికాయ.

అయితే ఒక కట్టుబాటు. ఒకరు లేకుండా ఇంకొకరు ముందుకి చదవకూడదు. పుస్తకం మీద చెయ్యేసి ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. పుస్తకమంటే సరస్వతి కదా, ఆవిడ మీద ఒట్టంటే మాటలా?

ఆ రోజుల్లో వాళ్ళు చదువుతున్నది ఒక ఒంటె కథ. ఎడారిలో ఉప్పు మూటలు మోసే ఒంటె. మోసి మోసి ఒక రోజు దానికి అనుమానం వచ్చింది, ఈ ఉప్పు ఎక్కడ పుడుతుందీ అని. సముద్రంలో అన్నారెవరో. అప్పుడు అది మూటలు దించేసి సముద్రం చూడ్డానికి బయల్దేరింది. ఇసక దాటింది, కొండ దాటింది, అడవి దాటింది. ఇక ఒక్క భాగమే మిగిలింది. సముద్రం కనబడుతుందో లేదో అందులో తేలిపోతుంది. పాత శుభలేఖ ముక్కొకటి గుర్తుకి పెట్టి, అక్కడ ఆపారు.

అప్పుడే పిన్ని వచ్చింది. పిన్నంటే వేణి వాళ్ళమ్మకి చెల్లెలు. ఆవిడకి ఇద్దరు మగపిల్లలు, తేజు, నందు. పట్నం అవతల ఆనందలోకం అని ఒక థీమ్ పార్కు కట్టారు, ఆదివారం అందరం కలిసి పోదాం అంది పిన్ని. నాన్న సరే అన్నాడు. అమ్మ వేణి చెవిలో అంది, "ఆఖరి భాగం అక్కడ చదువుకుందాం. ఏదో ఒక నీడన కూర్చుని, మనిద్దరమే." వేణికి ఆ వారమంతా జెయింటు వీలు కలలోకి రాలేదు. ఆ నీడే వచ్చింది.

ఆదివారం వచ్చింది. డబ్బాడు పులిహోర కలిపారు. గేటు దగ్గర, బయటి తిండి లోపలికి రానిచ్చేది లేదన్నారు. పిన్ని ఊరుకుంటుందా? అందరినీ గోడవారన నిలబెట్టి డబ్బా ఖాళీ అయ్యేదాకా తినిపించింది. పెళ్ళికి ముందే భోజనాలయ్యాయి అన్నాడు నాన్న.

లోపల మొదటి ఆట దగ్గరే ఒక ఏనుగు బొమ్మ. అది తొండం అడ్డంగా చాపి ఉంది. నెత్తి తొండానికి తగిలితే ఆటకి పంపిస్తారు, తగలకపోతే లేదు. తేజు నెత్తి తగిలింది. నందు వేణి కంటే చిన్నవాడు, వాడి నెత్తీ తగిలింది. వేణి నిలబడింది. తగల్లేదు.

అప్పుడు నాన్న కన్ను కొట్టాడు. వేణి మునివేళ్ళ మీద లేచింది. కాపలా అబ్బాయి తొండం వైపు చూడలేదు, మడమల వైపు చూశాడు. దింపమ్మా అన్నాడు.

ఆ తర్వాత పిన్ని రంగంలోకి దిగింది. వేణి జడ మొత్తం విప్పి, చుట్టలు చుట్టలుగా నడినెత్తిన పెట్టి, తన తలలో పిన్నులన్నీ పీకి గుచ్చి, మీద కనకాంబరాలు తురిమింది. ఈసారి తగిలింది. ఆ అబ్బాయి నవ్వాపుకుంటూ అరచేత్తో ఆ సిగని మెల్లిగా కిందికి నొక్కాడు. "సిగ కొలతలోకి రాదండీ" అన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. వేణికి ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు. చంటిపిల్లల రైలు ఎక్కమంటే, పాలసీసాల మధ్య నేను కూర్చోనంది.

"నేను సంచుల దగ్గర ఉంటాను" అంది.

ఏ కుటుంబం ఊరెళ్ళినా సంచుల దగ్గర ఒకరు కూర్చోవాలి. ఎవరూ రాయకపోయినా అందరూ పాటించే శాస్త్రం అది. సిమెంటు పుట్టగొడుగు కింద ఒక బెంచీ ఉంటే వేణి అక్కడ కూర్చుంది. అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు వేణికి తొండమూ గుర్తు లేదు, సిగా గుర్తు లేదు. అమ్మ సంచీలోంచి పుస్తకం తీసి, శుభలేఖ ముక్క పక్కన పెట్టింది.

అప్పుడు పిన్ని పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఈ పెద్ద ఉయ్యాల ఒక్కటి. నీ జన్మకి ఒక్కటి ఎక్కు." అమ్మ వేణి వైపు చూసింది. వెళ్ళమ్మా, ఉంటాను అంది వేణి. అమ్మ వెళ్ళింది. వచ్చేటప్పుడు చేగోడీల పొట్లం తెచ్చి, మళ్ళీ పుస్తకం అందుకుంది.

ఆ తర్వాత నాన్న పిలిచాడు, నీళ్ళ పడవ ఎక్కుదాం రమ్మని. అమ్మ వెళ్ళింది. చీర కుచ్చిళ్ళు తడిపేసుకుని వచ్చి, ఐస్‌ఫ్రూట్ చేతిలో పెట్టి, మళ్ళీ కూర్చుంది.

మూడోసారి ఎవరూ పిలవలేదు. అమ్మే ఆ ఉయ్యాల వైపు చూసి, "వేణీ, ఇంకొక్కసారి ఎక్కి వచ్చెయ్యనా?" అని అడిగింది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. వద్దన్న మాట వేణికి నోటి దాకా వచ్చింది. కానీ, వెళ్ళమ్మా అంది.

బెంచీ మీదికి ఉయ్యాల కనబడుతూనే ఉంది. అమ్మ పైకి పోతోంది, కిందికి వస్తోంది. ముడి ఊడిపోయి జుట్టు గాలికి ఎగురుతోంది. అమ్మ నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆ నవ్వు వేణి ఇంట్లో ఎప్పుడూ వినలేదు. అమ్మ దగ్గర అలాంటి నవ్వొకటి ఉందని కూడా తెలీదు. అంతమంది జనంలో, అన్ని పాటల మోతలో, వేణికి ఒంటరిగా అనిపించింది. ఇల్లంతా తనని ఇక్కడ పెట్టి ఎటో పోయినట్టు అనిపించింది.

అప్పుడు వేణి ఒట్టు తప్పింది. పుస్తకం తీసి ఆఖరి భాగం చదివేసింది.

ఒంటెకి సముద్రం కనబడింది. సాయంత్రం వేళ అది నీళ్ళలోకి దిగి, నాలుకతో రుచి చూసింది. ఉప్పగానే ఉంది. నిజమే, ఇక్కడే పుడుతోంది అందామని పక్కకి తిరిగింది. పక్కన ఎవరూ లేరు. కాసేపు అలాగే నిలబడి, ఆ తర్వాత ఒంటె వెనక్కి తిరిగింది. చెప్పడానికి ఎవరో ఒకరిని వెతుక్కుంటూ, అన్ని కొండలూ అంత ఇసకా దాటి మళ్ళీ ఊరికి బయల్దేరింది. అంతే, కథ అయిపోయింది.

వేణి కూడా పక్కకి తిరిగింది. సంచులున్నాయి. ఐస్‌ఫ్రూట్ పుల్ల ఉంది. కథ అయిపోయిందని చెప్పడానికి ఎవరూ లేరు. అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. సిగ చూసి అందరూ నవ్వినప్పుడు ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

కళ్ళు తుడుచుకుని పుస్తకం మూయబోతే, ఆఖరి వాక్యం పక్కన ఒక మరక కనిపించింది. పచ్చటి మరక, బొటనవేలంత. గీతలతో సహా పడింది. పసుపు.

వేణి కాసేపు దాన్నే చూసింది. అమ్మ శుక్రవారం గడపకి పసుపు రాస్తుంది. ఆ రోజంతా అమ్మ వేళ్ళు పచ్చగానే ఉంటాయి. అంటే మొన్న శుక్రవారం అమ్మ ఇది చదివేసింది. నేను లేకుండా. ఒట్టు పెట్టి.

ముందు కోపం వచ్చింది. మనిద్దరమే అని చెవిలో చెప్పింది, అంతా ఉత్తిదేనా అనుకుంది. ఒళ్ళు మండిపోయింది. అమ్మ వస్తే మాట్లాడకూడదనుకుంది.

ఆ తర్వాత వేణికి శుక్రవారం గుర్తొచ్చింది. తను బడికి పోయాక, నాన్న మిల్లుకి పోయాక, ఇల్లు ఎలా ఉంటుందో మొదటిసారి ఆలోచించింది. గడపకి పసుపు రాసి అమ్మ ఆ గడప మీదే కూర్చుని ఉంటుంది. వీధిలో ఎవరూ ఉండరు. ఒంటె వెనక్కి తిరిగే చోటికి వచ్చి, అమ్మ కూడా పక్కకి తిరిగి చూసి ఉంటుంది. గడపా గోడా తప్ప ఏముంటాయి? ఈ బెంచీ మీద తనకి ఒక్క పూట. అమ్మకి రోజూ ఇదే బెంచీ.

వేణి ఆ పసుపు మరక మీద తన బొటనవేలు పెట్టి చూసింది. మరకే పెద్దగా ఉంది, చుట్టూ చోటు మిగిలింది.

అమ్మ వచ్చింది. జుట్టు చేత్తో సర్దుకుంటూ తప్పు చేసినదానిలా నిలబడింది. "చదివేశావా?" అంది. లేదమ్మా, ఒట్టు కదా, అంది వేణి. అబద్ధం తప్పే, కాదనను. కానీ ఆ పూట అమ్మ నవ్వు మీద నీళ్ళు చల్లడం ఇంకా పెద్ద తప్పనిపించింది ఆ పిల్లకి. ఈలోగా గేట్లు మూస్తున్నామని మైకులో చెప్పారు. దారంతా అమ్మ వేణి భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

మర్నాడు సాయంత్రం వేణి గట్టెక్కింది. అమ్మ బెండకాయలు ముందేసుకుంది. ఒక పేజీ వేణి చదివింది, ఒక పేజీ అమ్మ చదివింది. సముద్రం కనబడగానే అమ్మ, అమ్మయ్య కనబడిందే, అంది. అవునమ్మా కనబడింది, అంది వేణి. ఇద్దరూ నాటకాల కంపెనీలో చేరదగ్గ వాళ్ళే.

ఆఖరి పేజీ అమ్మ వంతుకొచ్చింది. అమ్మ పుస్తకం పట్టుకుంది. బొటనవేలు పోయి సరిగ్గా ఆ పచ్చటి మరక మీదే కూర్చుంది, చెప్పు కాలికి పట్టినట్టు. వేణి చూసింది. వేణి చూడటం అమ్మ చూసింది. చదువు ఆగిపోయింది.

వేణి మెల్లిగా అడిగింది. "అమ్మా, శుక్రవారం చదివినప్పుడు ఏడ్చావా?"

అమ్మ మరక మీంచి వేలు తీసింది. "ఏడ్చాను. నువ్వు?"

"నేను కూడా."

"ఎక్కడ?"

"ఆ బెంచీ మీద."

అమ్మ కత్తిపీట పక్కకి జరిపి వేణిని గట్టు మీంచి దించి ఒళ్ళోకి తీసుకుంది. అంత పెద్ద పిల్లని ఒళ్ళోకి తీసుకుని చాలా రోజులైంది. గుప్పెడంత పిల్లే కాబట్టి పట్టింది. అప్పుడు ఆఖరి వాక్యం ఇద్దరూ కలిసి పైకి చదివారు.

ఆ తర్వాత పాత ఒట్టు తీసి గట్టు మీద పెట్టారు. వేణి పొద్దున్న బడికి పోతూ కొత్త పుస్తకం గడప పక్కన పెట్టి పోయేది. అమ్మ చదివినంత మేరా వేలి గుర్తు పెట్టేది. సాయంత్రం వేణి గబగబా అక్కడి దాకా చదివి, పక్కనే పెన్సిలు మసి వేలుతో తన గుర్తు పెట్టేది. అప్పుడు ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. మధ్యాహ్నాలు ఇల్లు ఖాళీగానే ఉండేది, కన్నా, అదేం మారలేదు. వెనకాల ఒక చిన్న వేలు వస్తుందని మాత్రం అమ్మకి తెలిసేది.

ఊఁ కొట్టడం ఆపేశావే? నిద్రొచ్చిందా? సరే, అయిపోయింది.

కథేమో కంచికి,
ఒంటేమో ఊరికి,
కళ్ళేమో కునుక్కి,
నేనేమో నీ పక్కకి.