స్వామి పేరుతో వచ్చిన మెయిలు

ఓబులేసుకి ఒకటే గొప్ప. సోమప్ప స్వామి ఏం చెప్పినా, ఎందుకూ ఏమిటీ అని ఇన్నేళ్లలో అడిగిన పాపాన పోలేదు.

"స్వామి తుమ్మినా ఆజ్ఞేనా నీకు?" అని వంటింట్లోంచి నాగమ్మక్క నవ్వేది.

"ఆజ్ఞేనక్కా," అనేవాడు, ఏమాత్రం తడుముకోకుండా.

ఆశ్రమంలో కంప్యూటరు చూసుకునేది అతనే. స్వామి పాడిన తత్వాలన్నీ రికార్డు చేసి, స్వామి ఫోను నంబరుతో తెరిచిన ఆశ్రమం మెయిల్లోనే భద్రంగా దాచిపెట్టాడు.

సరిగ్గా స్వామి మౌనం పట్టిన రోజే ఒక మెయిలొచ్చింది. పైన స్వామి పేరు, పక్కన స్వామి ఫోటో, చివర్లో ఆయన ఎప్పుడూ అనే 'శుభం నాయనా'.

"నా ఫోనుకి ఒక నంబరు వస్తుంది. అది వెంటనే ఇక్కడికి పంపు. అరగంట దాటితే పాటలన్నీ పోతాయి. మౌనంలో ఉన్నాను, వచ్చి అడగొద్దు."

మౌనంలో ఏం కావాలన్నా స్వామి పలక మీద రాసి చూపిస్తాడు. ఈసారి మెయిలు రాశాడు కాబోలు అనుకున్నాడు ఓబులేసు. ఫోనేమో స్వామి గదిలో, గూట్లో ఉంటుంది. తెచ్చుకోవడమంటే అడగడం కాదుగదా! పరుగెత్తాడు.

"మీ మెయిలు చూశా స్వామీ. నంబరు ఇప్పుడే పంపేస్తా," అంటూ ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

స్వామి తలెత్తి చూశాడు. కూర్చోమని చాప చూపించాడు.

ఆ గదికి ఎవరొచ్చినా ముందు కాఫీ, తర్వాతే మాట. ఇల్లంటుకుందని వచ్చినవాడికైనా అంతే. స్వామి ఫిల్టరులో పొడి వేశాడు. వేడినీళ్లు పోసి మూత పెట్టాడు. డికాక్షను చుక్క చుక్కగా దిగుతోంది.

"స్వామీ, టైమైపోతోంది..."

పాలు పొంగాయి. స్వామి నిదానంగా తిరగబోసి, తిరగబోసి, గ్లాసు అతని చేతిలో పెట్టాడు. చురుక్కుమంది. ఊదుకుంటూ ఊదుకుంటూ తాగేసరికి అరగంట కాస్తా దాటిపోయింది.

"అయిపోయింది స్వామీ! పాటలన్నీ పోయినట్టే!" ఓబులేసుకి ఏడుపొక్కటే తక్కువ.

అంతలో ఆఫీసు గదిలోంచి స్వామి గొంతు మొదలైంది. తత్వం. వెనకాలే నాగమ్మక్క కేక.

"ఓబులేసా! ఈ కంప్యూటర్లో పాట సౌండు ఎట్లా పెంచాలబ్బా?"

స్వామి పలక అందుకున్నాడు. రాసి, ఇటు తిప్పాడు.

"నేనెప్పుడన్నా నిన్ను తొందరపెట్టానా నాయనా?"

ఓబులేసు లేచి ఫోను గూట్లో పెట్టేశాడు. మళ్లీ వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఖాళీ గ్లాసు ముందుకు జరిపి, మొట్టమొదటిసారి స్వామిని ఒక మాట అడిగాడు.

"ఇంకొంచెం పోస్తారా స్వామీ?"