బదనిక పూసిన కొమ్మ

అనగనగా ఒక ఎడారి. ఆ ఎడారిలో ఒక జమ్మిచెట్టు. ఆ చెట్టు మీద జిలుగు అనే తేనెపిట్ట ఉండేది. పాపం, దానికి కాలు ఒకచోట నిలిచేది కాదు. తేనె కోసం ఎక్కడో దూరాన ఉన్న జిల్లేడు పొదలకు పొద్దంతా తిరిగేది.

ఒక ఏడు జమ్మికొమ్మ మీద బదనిక మొలిచింది. బదనికకు నేలలో వేరుండదు. కొమ్మలోకే వేళ్లు దించి, చెట్టు నీళ్లు తాగి బతుకుతుంది. అయితేనేం, ఎర్రెర్రగా పూసింది. పువ్వు నిండా తేనె!

"ఇక ఎక్కడికీ పోకు పిన్నీ, ఇక్కడే తాగు," అంది బదనిక.

ఆ దారిన వచ్చిన ఒంటె తలెత్తి చూసింది. "జిలుగూ, ఇది నీ చెట్టును పీల్చేస్తుంది. ఇప్పుడైతే ఒక్క రెమ్మే. విరిచెయ్యనా?"

"వద్దు మామా! నా తేనె పోతుంది."

ఒంటె వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి బదనిక గుబురుగా పెరిగింది. కొమ్మ చివర ఆకులు రాలిపోయాయి.

"దాహంగా ఉందే అమ్మాయీ," అని మూలిగింది జమ్మిచెట్టు.

జిలుగుకు గుబులు పుట్టింది. కానీ అప్పటికే అదే కొమ్మకు గూడు అల్లుకుంది. "గుడ్లు పెట్టాను మామా, ఇప్పుడొద్దు," అంది.

ఇక దానికి నిద్ర లేదు. ఆకు రాలితే ఉలిక్కిపడేది. గూట్లోకి, బయటికి, మళ్లీ గూట్లోకి. పిల్లలు పుట్టాయి. వాటికి రెక్కలు రాకముందే చెట్టుకు ఆ వైపు నీడ పోయింది.

ఒకరోజు వడగాలి వీచింది. కొమ్మ ఫెళ్లుమని సగం విరిగి వేలాడింది!

"బదనికా, ఏదైనా చెయ్యి!"

"నాకే నీళ్లందడం లేదు పిన్నీ," అంది బదనిక వాడిపోతూ.

జిలుగు ఇసుక తిన్నెల మీదుగా ఎగిరి ఎగిరి, ఒంటెను పట్టుకుంది. "తప్పు నాదే మామా! నా పిల్లల్ని కాపాడు!"

ఒంటె పరుగున వచ్చింది. విరిగిన కొమ్మ కింద మూపురం ఆనించి, కదలకుండా నిలబడింది. ఎండ మాడుస్తున్నా నిలబడింది. పిల్లలకు రెక్కలు వచ్చేదాకా అలాగే ఉంది. చివరి పిల్ల కూడా ఎగిరాక జిలుగు అంది, "ఇప్పుడు విరిచెయ్యి మామా."

కొమ్మ, బదనిక, గూడు అన్నీ కింద పడ్డాయి. చెట్టు సగమే మిగిలింది.

"నన్ను తిట్టవేం?" అని ఏడ్చింది జిలుగు.

"తర్వాత తిడతాలే," అంది జమ్మిచెట్టు. "ఎండ మండిపోతోంది. ముందు పిల్లల్ని ఇటు నీడలోకి పిలువు."

నీతి: మనకు లాభంగా ఉందని కీడును పెరగనిస్తే, అది చివరికి మన గూటినే కూలుస్తుంది.