ఉత్తరానికి తలపెట్టిన మైకుసెట్టు

గుమ్మిడివలసలో బుర్ర ఉన్న ఇల్లేదంటే మైకుసెట్టు వాళ్ళిల్లని చెప్పేవాళ్ళు. ఎవరు చెప్పేవాళ్ళంటే, ఆ ఇంట్లోవాళ్ళే. అన్న సన్యాసయ్య, అతని పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు గున్నయ్య. తాతల నాటి నుంచి అమ్మవారి జాతరకు మైకు వాళ్ళదే. అయితే కిందటేడు హరికథ మధ్యలో సెట్టు మూగబోయింది. దాంతో సర్పంచి గట్టిగానే చెప్పాడు.

"ఈసారి గానీ మైకు ఆగిందో, పై ఏటి నుంచి పక్కూరోళ్ళని పిలిచేస్తాను."

ఆ మాటకు ముగ్గురికీ అన్నం సయించలేదు. జాతర వారం ఉందనగా సెట్టు మూత విప్పి దుమ్ము దులిపారు. లోపల చారలు చారలుగా ఉన్న చిన్న చిన్న ముక్కల్ని తొంగి చూసి పైడమ్మ గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! ఈ సారల ముక్కలన్నీ ఉత్తరానికి తలెట్టుకుని తొంగున్నాయి! మూగబోదా మరి?"

ఉత్తరానికి తలపెట్టి పడుకోకూడదని పెద్దలు చెప్పారు. పెద్దల మాట ఆ ఇంట్లో ఎవరూ దాటరు, సెట్టులోని ముక్కలతో సహా. సెట్టునే కాస్త ఇటు జరిపితే పోయేదిగా అని మీకూ నాకూ తోస్తుంది. మనకంత తెలివి లేదు కదా!

అంతే. సన్యాసయ్య ఒక్కో ముక్కనీ ఊడబెరికాడు. దేనికి తల ఎటో తెలియలేదు. బంగారు రంగు చార ఉన్నవైపే తలని పైడమ్మ తేల్చింది, నగ పెట్టుకునేది ఆ పక్కనే కదా అని. అన్నిటినీ తూర్పుకు తలలు పెట్టించి మళ్ళీ అతికారు. మీట నొక్కితే సెట్టు ఎప్పట్లాగే పాడింది.

ఇంకేముంది, ముగ్గురూ ఎగిరి గంతేశారు. "అయితే ఈ డబ్బాల్ని కూడా తిప్పేద్దుం," అన్నాడు గున్నయ్య. లోపల బొటనవేలంత డబ్బాలు నిలబడి ఉన్నాయి. వాటినీ తిప్పేశారు. మీట నొక్కారు. ఢామ్! ఒక డబ్బా ఎగిరి పైడమ్మ పప్పుగిన్నెలో పడింది.

లబోదిబోమంటూ సెట్టు నెత్తిన పెట్టుకుని బొబ్బిలి పరుగెత్తారు. మెకానిక్ జగ్గారావు బాగుచేసి, తల కొట్టుకున్నాడు.

"చారల ముక్కల్ని ఎటు తిప్పినా ఒకటేనయ్యా. ఈ డబ్బాలకి మాత్రం ప్లస్సూ మైనస్సూ ఉంటాయి. నేను పెట్టింది పెట్టినట్టే ఉండాలి. తిప్పారో, మళ్ళీ పేలుతుంది."

అప్పుడు సెట్టు మొహం జగ్గారావు బల్ల మీద పడమటికి ఉంది. అంతే, ఇక అది పడమరే చూడాలి. ఇంటికి తిరిగొచ్చే దారిలో బస్సు మలుపు తిరిగితే సన్యాసయ్య సెట్టుతో సహా ఎదురు తిరిగేవాడు. ఒక మలుపులో కండక్టరు ఒళ్ళో కూర్చున్నాడు, ఇంకో మలుపులో కోళ్ళ గంపలో. ఇంటి దగ్గర గుమ్మం దక్షిణానికి ఉందని, సెట్టుని పక్కవాటంగా దూర్చలేక తలుపు ఊడబీకారు.

నాలుగోనాడు జాతర. సెట్టు చూసేది పడమటికి, జనం కూర్చున్నది తూర్పున. ఇంకేముంది, జనాన్నే లేపి ఇటు కూర్చోబెట్టారు. హరిదాసుని తిప్పారు. అమ్మవారిని కూడా కాస్త తిప్పమని అడిగితే పూజారి కర్ర తీశాడు.

మీట నొక్కారు. ఖంగుమని మోగింది! కథంతా ఒక్క గరగర లేకుండా సాగింది. సర్పంచి మురిసిపోయి మైకు అందుకున్నాడు.

"ఈళ్ళ తాతల కాడ్నుంచి మైకు ఈళ్ళదే. పై ఏడు కూడా..."

ఆ పక్కనే కూర్చున్న సైన్సు మేష్టారికి నోరు ఊరుకోలేదు. "ఏరా సన్యాసయ్యా, భూమే రోజుకో చుట్టు తిరుగుతుంటే నీ సెట్టు తిరక్కుండా ఎలా ఉందిరా?" అని నవ్వాడు.

సన్యాసయ్య మొహం పాలిపోయింది. గున్నయ్య వేళ్ళు మడిచాడు.

"నాలుగు రోజులన్నా! అంటే నాలుగు సుట్లు తిరిగిపోనాది! ఇంకా పేలనేదంటే అమ్మోరి దయ."

"ఎనక్కి తిప్పీరా, బేగి!" అని కేకేశాడు సన్యాసయ్య.

అంతే. ముగ్గురూ సెట్టు పట్టుకుని గిర్రున తిప్పారు. మైకు తీగ సెట్టుకి చుట్టుకుంది. సర్పంచి మైకు వదల్లేదు. సర్పంచులు మైకు వదలరు కదా! ఒకటో చుట్టుకు ముందుకు తూలాడు, రెండో చుట్టుకు కండువా పోయింది, మూడో చుట్టుకు మోకాళ్ళ మీద వచ్చాడు, నాలుగో చుట్టుకు ముక్కు సెట్టుకి అతుక్కుంది. అలాగే మైకులో అరిచాడు.

"పై ఏటి నుంచి మైకు పక్కూరోళ్ళదే! ఈళ్ళని ఊరి పొలిమేర తొక్కనివ్వను!"

కొండ అవతల మూడు ఊళ్ళకు వినబడింది. పైడమ్మకు ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఏటి గొంతు! ఒక్క ముక్క పోనేదు!"

గున్నయ్య చేతులు కట్టుకుని సర్పంచి ముందు వంగాడు.

"బాబూ, ఇంకోపాలి సెప్పండి. ఆ సివర్నున్నోళ్ళకి ఇనబడిందో నేదో!"