మేనత్త కోసం తీసిన గుమ్మం

వాగు మలుపులో ఒక పాడుపడిన బురుజు, దాని పక్కనే నీళ్లపైకి ఒరిగిన ఒక ఈతచెట్టు. బురుజును ఏ రాజు కట్టించాడన్న విషయంలో ఎగువ ఊరిది ఒక మాట, దిగువ ఊరిది మరొక మాట. రెండింటికీ ఆధారం లేదు. లోపలివాళ్లే తలుపు తీయడం వల్ల అది పతనమైందన్న ఒక్క సంగతిలో మాత్రం రెండు ఊళ్లూ ఏకీభవిస్తాయి. ఇక ఈతమట్టల చివర వేలాడే గూళ్లను గిజిగాళ్లు కట్టాయన్నది నిర్వివాదం.

గిజిగాళ్లలో గూడు అల్లడం మగవాడి పని, ఒప్పుకోవడం ఆడదాని హక్కు. సగం అల్లిన గూటిలోకి వచ్చి, పోచలు లాగి, ముడులు పరీక్షించి, నచ్చితేనే ఆమె ఉండిపోతుంది. ఆ ఉండిపోవడమే పెళ్లి. జొన్నమ్మ చాలా గూళ్లు కాదని గరికన్న గూడు ఒప్పుకుంది. ఆమె మనసు దోచింది అతని తలమీది పసుపు మెరుపు కాదు; గూటి కింద అతను మొదలుపెట్టిన పొడవాటి గొట్టం. కింది నుంచి నిటారుగా ఎగిరి దూరితే తప్ప లోనికి దారి లేదు. పాము వచ్చినా, కాకి వచ్చినా పట్టు దొరకక వాగులో పడవలసిందే.

పెళ్లయిన మర్నాటి నుంచే ఇద్దరికీ ఏకాంతం కరువైంది. జొన్నమ్మ మేనమామ తుంగయ్య గూటి నెత్తిన కూర్చుని గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో రోజూ చెప్పేవాడు. ఆ సంగతి గాలే చెబుతుంది కదా మామయ్యా అని ఆమె మెల్లగా అంటే, ఈ కాలపు పిల్లలకు పెద్దల మాట చేదని నొచ్చుకున్నాడు. గరికన్న మేనత్త బోదమ్మ పక్కమట్ట మీద వాలి, కొత్త దంపతులు ముక్కూ ముక్కూ కలిపినప్పుడల్లా దగ్గేది. అది ఎండాకాలపు దగ్గని ఆమె వాదన. చెట్టులో ఎవరూ నమ్మలేదు.

జొన్నమ్మ గుడ్లు పెట్టాక ఆ నవ్వులాట తగ్గింది. తల్లిలేని గరికన్నను నోటి గింజ పెట్టి పెంచింది బోదమ్మే. ఒక గాలివానలో విరిగిన ఆమె కుడిరెక్క వంకరగా అతికింది. నిటారుగా ఎగరలేదు, గొట్టంలోకి దూరలేదు. గుడ్లను కళ్లారా చూడాలన్న కోరికను దగ్గు చాటున దాచుకుని బయటే కూర్చునేది.

ఆ కోరికను బురుజు మీది బొంతకాకి కనిపెట్టింది. గొట్టాన్ని చూసి చూసి విసిగిన ముక్కు దానిది. ఒక మధ్యాహ్నం వచ్చి మర్యాదగా దూరంగా వాలి, బోదమ్మ యోగక్షేమాలు అడిగింది.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను వదినా,” అంది. “కానీ పెంచిన ముక్కుకు ఆ గూట్లో గడపే లేదా అని చెట్టంతా అనుకుంటోంది.”

“ఎవరనుకుంటున్నారు?”

“పేర్లు చెప్పి కాపురాలు కూలుస్తానా?”

ఆ సాయంత్రం బోదమ్మ గింజ ముట్టలేదు. తుంగయ్య మధ్యవర్తిగా దిగి, గూటికి పక్కగా ఒక గుమ్మం తీస్తే సరిపోతుందనీ, గాలి కూడా ఆడుతుందనీ తీర్పు చెప్పాడు.

“గొట్టం ఎందుకల్లావో నీకు తెలుసు కదయ్యా,” అంది జొన్నమ్మ భర్తతో.

“తెలుసు. అత్తకు నేను తప్ప ఎవరున్నారు?”

“పిల్లలకు రెక్కలొస్తే వాళ్లే ఆవిడ దగ్గరికి వాలతారు. అందాకా ఆగమను.”

పక్కమట్ట నుంచి బోదమ్మ గొంతు వినిపించింది. “గూటిని ఒప్పుకున్నావమ్మాయ్. గూటివాడి మనుషులను ఒప్పుకోలేదు.”

కొత్త కోడలికి ఆ మాటను మించిన నింద లేదు. జొన్నమ్మ తల దించుకుంది. గరికన్న ఏ ముక్కుతో అల్లాడో ఆ ముక్కుతోనే పోచలు తెంపాడు.

బోదమ్మ కొత్త గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. గుడ్ల మీద పొట్ట ఆనించి, కళ్లు మూసుకుని, ఎంతసేపో కదలలేదు. అప్పుడు ఆమె దగ్గలేదు. చూస్తున్న జొన్నమ్మకు తన భయమే పొరపాటేమో అనిపించింది.

మర్నాడు దంపతులు మేతకు వెళ్లి వచ్చేసరికి గూడు ఖాళీగా ఉంది. బొంతకాకి బురుజు రాతికి ముక్కు తుడుచుకుంటోంది. తుంగయ్య దాన్ని నానా తిట్లూ తిట్టాడు.

“గోడ నేను పగలగొట్టలేదు తుంగయ్యా,” అంది కాకి. “చుట్టాలకు తీసిన దారిలో చుట్టంలాగే వచ్చాను.”

బోదమ్మ ఒరిగిన రెక్కతో గుమ్మం దగ్గర వాలింది. లోపలికి అడుగు పెట్టలేదు.

“నన్నొక మాట అనవే అమ్మాయ్.”

అనడానికి జొన్నమ్మకు మాటలు లేక కాదు. నిన్న ఆ ముసలి పొట్ట గుడ్లను కప్పిన తీరు గుర్తుకొచ్చి, అవన్నీ పక్కన పెట్టింది.

“వెచ్చగా పొదిగారు అత్తయ్యా, నిన్న,” అంది.

ఆ మాటను బోదమ్మ తట్టుకోలేకపోయింది. ఆ రోజు నుంచి ఆమె చివరిమట్ట మీద కూర్చుంటోంది, దగ్గు వినిపించదు.

గరికన్న పచ్చి గరిక తెచ్చి గుమ్మాన్ని మూశాడు. ముడి మీద ముడి, ఎక్కడా సందు లేకుండా అల్లాడు. ఎండి పసుపుబారిన గూటికి ఆ ఒక్క అతుకే పచ్చగా కనిపిస్తుంది. లోపల కాపాడవలసింది ఏమీ లేదు.

నీతి: ప్రేమ కోసం తీసినా సరే, కన్నానికి చుట్టమెవరో శత్రువెవరో తెలియదు.