విడిగా ఉన్న ప్లగ్గు

తన గదిలో ఆ మోత మొదలైన రోజున వకుళ లోలోపల సంబరపడింది. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. పైకి మాత్రం విసుక్కుంటూనే ఉంది.

మేడమీది చిన్న గది అది. గోడలకి పాత బొంతలు వేలాడదీసి, ఒక్కో సామానూ పోగేసి, దాన్నే రికార్డింగ్ గది చేసుకుంది. ఇప్పుడు ఏ పాట రికార్డు చేసి విన్నా వెనక తుమ్మెద దూరినట్టు ఒకటే మోత. పని నేర్పిన మస్తాన్ మాస్టారికి ఫోన్ చేయడానికి ఇంతకన్నా మంచి వంక దొరుకుతుందా!

అయినా చెయ్యలేదు. "మాస్టారూ, మోత వస్తోందండీ" అన్న మాటని నోట్లోనే నానబెట్టుకుని తిరుగుతోంది.

తెనాలిలో మాస్టారిది క్యాసెట్ల కాలంనాటి రికార్డింగ్ గది. హరిదాసులూ, బుర్రకథల వాళ్లూ వచ్చేవారు. వకుళ వాళ్లకి టీలు పోస్తూ, ఓ కన్ను మాస్టారి చేతులవైపు పారేసి పని నేర్చుకుంది. ఓసారి అక్కడా ఇదే మోత. మైకు మార్చింది. తీగలన్నీ పీకి కొత్తవి వేసింది. ఊఁహూఁ.

"కొత్త తీగలేశావుగా అమ్మాయ్! మోత కూడా కొత్తదొచ్చిందా?" అన్నారాయన టీ చప్పరిస్తూ.

"నవ్వకండి మాస్టారూ. ఎక్కణ్ణుంచి వస్తోందో చచ్చినా దొరకట్లేదు."

ఆయన గ్లాసు పక్కనపెట్టి లేచారు. మిక్సరూ, టేపు మిషనూ ఒకే బోర్డులో ఉన్నాయి. కీబోర్డు ప్లగ్గు ఒక్కటే కిటికీ పక్క బోర్డులో ఉంది. దాన్ని పీకి, తెచ్చి, మిగతావాటి సరసన గుచ్చారు. మోత ఆగి, గది కడిగినట్టయింది.

"మోత ఎక్కడుందో వెతక్కు. విడిగా కూర్చున్నదెవరో చూడు," అని మళ్లీ గ్లాసు అందుకున్నారు.

తర్వాత కొన్నాళ్లకి, కాస్త పని పట్టుబడగానే, "ఇంక మీ దగ్గర నేర్చుకునేదేముంది మాస్టారూ?" అనేసి వచ్చేసింది వకుళ. ఆయన తిట్టినా బాగుండేది. "తలుపు దగ్గరగా వేసి వెళ్లమ్మా, బజారు చప్పుడు లోపలికొస్తుంది" అన్నారంతే.

ఇవాళ సాయంత్రం వకుళ నేలమీద చతికిలబడి తీగల వెంట చూపు పోనిచ్చింది. కంప్యూటరూ, మిక్సరూ బల్లకింద బోర్డులో ఉన్నాయి. స్పీకర్ల తీగ అందక, తనే ఆ ప్లగ్గు ఎదుటి గోడకి పెట్టింది. లేచి దాన్ని పీకింది. స్పీకర్లు బల్లదగ్గరికి జరిపి, ఆ బోర్డులోనే గుచ్చింది.

మోత పోయింది.

ఆ నిశ్శబ్దంలో, అలవాటుగా, వెనక టీ చప్పరింపు వినబడుతుందేమోనని ఆగింది. వినబడలేదు. ఇన్నాళ్లూ నానబెట్టుకున్న మాట కూడా ఇక పనికిరాదు. అడగడానికి ఏమీ మిగల్లేదు.

అన్నీ ఒక్కచోట చేరిన ఆ బోర్డువైపు ఓసారి చూసింది వకుళ. తర్వాత తలుపు దగ్గరగా వేసొచ్చి, ఫోన్ తీసి, మాస్టారి నంబరు నొక్కింది.