చిటికకు ఒక్కటే అర్థం

ఒకానొక సంస్థానంలో, తెల్లదొరల పెత్తనం ఊరూరా పాకుతున్న రోజుల్లో, ఉద్దండ భూపతి అనే రాజు ఉండేవాడు. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రాదని ఒప్పుకునే గుణం అంతకన్నా లేదు. దొర రాసే ఉత్తరాలన్నీ దుబాసీ కొండలరాయుడే చదివి తెలుగులో చెప్పేవాడు.

ఒకనాడు రాజు మూడు ఉత్తరాలు ముందేసుకుని దుబాసీని పిలిపించాడు.

"ఏమయ్యా, ఈ మూడింటిలోనూ ‘ఛార్జ్’ అనే మాటే ఉందని దొర మనిషి చెప్పాడు. ఒకచోట కొత్త దివాను బాధ్యత తీసుకున్నాడన్నావు. ఒకచోట ఎవరిమీదో నేరం మోపారన్నావు. ఇంకోచోట గుర్రపుదండు మీదపడిందన్నావు. నోటికొచ్చింది చెప్పి నన్ను ఆడిస్తున్నావా?"

"మహాప్రభో, ఆ మాట తీరే అంత. సందర్భాన్ని బట్టి..."

"చాల్లే! రేపు సాయంత్రంలోగా దానికి ఒక్క అర్థం ఖాయం చెయ్యి. లేదా పెళ్లాంతో సహా పొలిమేర దాటు. నా కోటలో ఇకమీదట దేనికైనా ఒక్కటే అర్థం. ఇది నా ఆజ్ఞ!"

దుబాసీకి కాలు ఒకచోట నిలవలేదు. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. ఆ మనిషిని బండెక్కించి ఎక్కడికని తీసుకుపోతాడు? కోట వసారాలో అటూ ఇటూ తిరిగాడు. కూర్చోబోయి మళ్లీ లేచాడు. అంతలో లోపల రాజుగారు చిటికేసిన చప్పుడయింది, నౌకరు ఎర్రన్న పరుగెత్తాడు. నౌకర్లతో నోరు విప్పడం రాజుగారికి నామోషీ. ఏం కావాలన్నా చిటికే.

దుబాసీ ఎర్రన్నను పక్కకు లాగాడు. "ఆజ్ఞ విన్నావుగా? ఇకనుంచి చిటికకూ ఒక్కటే అర్థం. తాంబూలం."

"బాబుగారూ, నా వీపు చీరేస్తారండీ!"

"అడిగితే నా పేరు చెప్పు."

మర్నాడు పొద్దున్నే ముఖం కడుక్కునే నీళ్లకోసం రాజు చిటికేశాడు. తాంబూలం వచ్చింది. భోజనంలో నేతికి చిటికేస్తే తాంబూలం. పంకా ఆగిందని చిటికేస్తే తాంబూలం. ఆవులింత వచ్చి, అలవాటు కొద్దీ నోటి ముందు చిటికేసుకున్నాడు. దానికీ తాంబూలమే.

సాయంత్రం నిండు దర్బారులో రాజుకు వెక్కిళ్లు పట్టుకున్నాయి. చిటికేశాడు, తాంబూలం. గబగబా మరో నాలుగు వేశాడు, మరో నాలుగు తాంబూలాలు.

"నీ...ళ్లు!" అని గావుకేక పెడితే గానీ చెంబు రాలేదు. గటగటా తాగి, "ఎవడ్రా మీకీ బుద్ధి చెప్పింది?" అని ఉరిమాడు.

కొండలరాయుడు చేతులు జోడించి ముందుకొచ్చాడు. "నేనే, ప్రభో. తమ ఆజ్ఞే అమలు చేయించాను. నిన్నటిదాకా తమ చిటిక చెంబు దగ్గర నీళ్లు, విస్తరి దగ్గర నెయ్యి. అంతమాత్రాన తమ వేళ్లు ఎవర్నయినా మోసం చేశాయా?"

రాజు తన వేళ్లవంక చూసుకున్నాడు. ఎదురుగా పోగుపడ్డ ఆకులవంక చూశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వి, తన జరీ శాలువా తీసి దుబాసీ భుజాల మీద కప్పాడు.

"ఆజ్ఞ రద్దు! ఇక నువ్వు గానీ పొలిమేర దాటావంటే, కాళ్లు విరగ్గొట్టిస్తాను!"

నిన్నటినుంచీ నిలవని ఆ కాళ్లు అప్పటికి ఓపిక వదిలేశాయి. కొండలరాయుడు శాలువాతో సహా అక్కడే చతికిలబడ్డాడు.