మేదినికి తెలిసిన చెలమ

అనగా అనగా, కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఒక పెద్ద అడవిలో ఏనుగుల మంద ఉండేది. మందకు పెద్దదిక్కు గంభీర అనే ముసలి ఏనుగు. వేసవిలో మడుగులు ఎండిపోతే, గంభీర కళ్ళు మూసుకుని కదలకుండా నిలబడేది. కాసేపటికి "ఇటు పదండి" అనేది. అటు వెళితే నీళ్ళుండేవి. ఆమెకు దివ్యదృష్టి ఉందని అడవంతా చెప్పుకునేది.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. గంభీర జబ్బుపడింది. కాళ్ళకింద నేల కూడా ఆమెకు సరిగా తెలియడంలేదు. మనవరాలు మేదినిని పిలిచి, "ఇక దారి నువ్వే చూపాలి తల్లీ" అంది.

"నీకు నీళ్ళు ఎలా కనబడేవి అమ్మమ్మా? ఆ మంత్రమేదో నాకూ చెప్పు."

"కనబడటమేమిటే పిచ్చిదానా! లోపలి రొద అణిగితే, అదే తెలుస్తుంది."

మేదినికి ఈ మాట రుచించలేదు. అంత గొప్ప విద్య ఇంత సులువుగా వస్తుందా?

మొదటిరోజు అందరూ చూస్తుండగా కళ్ళు మూసుకుంది. మనసులో ఒకటే ఆలోచన, నన్నెంత పొగుడుతారో అని! నిజంగానే తామరకొలను కనబడింది. "తూర్పుకు పదండి!" అంది. పడుతూ లేస్తూ వెళితే, అక్కడ బండరాళ్ళు తప్ప ఏమీ లేవు.

రెండోరోజు పంతం పట్టింది. మునులు ఒంటికాలిమీద తపస్సు చేస్తారట. ఏనుగు కదా, పాపం, తను మూడుకాళ్ళమీద నిలబడింది. మేత కూడా మానేసింది. ఈసారి ఏకంగా జలపాతమే కనబడింది. వెళితే ఎండుటాకుల గలగల!

"దీన్ని నమ్ముకుంటే మనకు నూకలు చెల్లినట్టే!" అని మేనమామ ఘీంకారుడు మండిపడ్డాడు.

మూడోరోజు ఎండిన వాగు దాటుతుంటే, మేదిని తమ్ముడు బుజ్జిగున్న ఇసుకలో కూలబడి కళ్ళు తేలేశాడు. మేదిని పరుగున వెళ్ళి, వాడికి ఎండ తగలకుండా అడ్డం నిలబడింది. తొండం వాడి గుండెమీద ఆనించింది. కొట్టుకుంటోందా? దివ్యదృష్టి గుర్తులేదు. పొగడ్తలు గుర్తులేవు. మామ తిట్లూ గుర్తులేవు. ఊపిరి బిగబట్టి వింది. ఉంది, సన్నగా కొట్టుకుంటోంది!

అలా వింటూ ఉండగానే, ఆ చప్పుడు వెనక ఇంకేదో తెలిసింది. ఇసుక అడుగున ఏదో మెల్లగా కదులుతున్నట్టు అరికాళ్ళకు అనిపించింది.

"మామా, ఇక్కడ తవ్వుదాం."

"మళ్ళీ ఏం కనబడిందే?"

మేదిని తల దించుకుంది. "ఏమీ కనబడలేదు మామా. అప్పుడు రెండుసార్లూ కనబడింది నా ఆశే. ఇప్పుడు మాత్రం కాళ్ళకింద నీరున్నట్టు తెలుస్తోంది. ఎలాగో చెప్పలేను."

ఆ గొంతులో డాబు లేదు. ఘీంకారుడు కాలితో ఇసుక తోడటం మొదలుపెట్టాడు. మందంతా చేయి కలిపింది. ముందు తడి తగిలింది. తరువాత బురద. చివరికి చెలమలో నీరు ఊరింది. మేదినికి నోరు పిడచకట్టుకుపోతోంది. అయినా తొలి నీళ్ళు తమ్ముడి నోట్లో పోసింది. వాడు గుటక వేశాడు. మరి కాసేపటికి లేచి, అక్క కాళ్ళ మధ్య దూరాడు. మేదిని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ సాయంత్రం చెలమకు వచ్చిన జింకలు అడిగాయి, "మేదినీ, నీకు దివ్యదృష్టి వచ్చిందటగా?"

"ఏమోనమ్మా, నేను నా తమ్ముణ్ణి చూసుకుంటున్నానంతే" అంది మేదిని.

పిల్లలూ, ఇంకొకరి కోసం తనను తాను మరిచిన మనసుకే కంటికి కనబడనిది తెలుస్తుంది.